టైర్ల ఊళ్ళో చిటికి దారం

జపాన్ నుంచి తిరిగొచ్చి వారం కూడా కాలేదు. కుడిచేతి గోళ్ళ అంచుల్లో నీలం ఇంకా వదల్లేదు. అది పోయేలోపు రాస్తేనే రాసినట్టు, లేకపోతే నా సంగతి నాకు తెలుసు.

నేను హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. అమ్మ పుట్టిల్లు భూదాన్ పోచంపల్లి. తాతకు డెబ్భై దాటాయి, ఇప్పటికీ చీరకు చిటికి ఆయనే కడతాడు. ఇక్కత్ అనేది బయటివాళ్ళ మాట. మా ఇంట్లో చిటికి అంటారు. రంగు ఎక్కడ అంటకూడదో అక్కడ దారాన్ని ముందే బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరాక విప్పి, ఆ దారంతో నేస్తే బొమ్మ దానంతటదే బట్టలో తేలుతుంది. జపాన్‌లో కురుమె అనే ఊరి చుట్టుపక్కల ఇదే పని వందేళ్ళ నాటి పవర్‌లూమ్‌ల మీద చేస్తారని క్లాసులో విని, సంక్రాంతికి వెళ్ళినప్పుడు తాతకు చెప్పాను.

"మిషిన్ మీద చిటికి ఎట్లొస్తది? అచ్చు గుద్దిన బట్ట జూసి మోసపోయుంటరు మీ సార్లు" అన్నాడు.

ఆ మాట పట్టుకునే ప్రాజెక్టు రాశాను. ఆరు ఫ్యాక్టరీలకు మెయిళ్ళు పెడితే ఒక్కదాన్నుంచి రెండు లైన్లు వచ్చాయి: బుధవారం రండి, మధ్యాహ్నం తర్వాత రండి. మిగతా ఖర్చు సంగతంతా అమ్మ గాజులకు తెలుసు.

మార్చి 11, సోమవారం. కురుమె

ఫుకుయోకాలో పీహెచ్‌డీ చేస్తున్న మా సీనియర్ అక్క స్టేషన్లో పొట్లం అన్నం చేతిలో పెట్టి, దారిపొడుగునా మర్యాదలు నూరిపోసింది. ఫోన్ రైల్లో మాట్లాడకు. డబ్బులు చేతికివ్వకు, ట్రేలో పెట్టు. వయసు అడిగినా ఏమీ అనుకోరు గానీ జీతం మాత్రం అడగకు. "కురుమెలో దిగు" అని కూడా చెప్పింది. దిగాను.

దిగాక తెలిసింది కురుమెకు రెండు స్టేషన్లని. ఒకటి ప్రైవేటు రైలు కంపెనీది, ఇంకోటి జేఆర్‌ది, అంటే జపాన్ రైల్వేస్‌ది. మధ్యలో రెండు కిలోమీటర్లు. నా గది రెండోదాని పక్కన. సికింద్రాబాద్‌లో దిగాల్సింది కాచిగూడలో దిగినట్టయింది. బస్సెక్కితే సరిపోయేది, కానీ ఏ బస్సో తెలియక సూట్‌కేసు ఈడ్చుకుంటూ నడిచాను. యూనిఫాంలో ఉన్న బడిపిల్లవాడొకడు నా ఫోన్ మ్యాప్ చూసి, ఒక్క మాటా మాట్లాడకుండా సైకిల్ దిగి, తోసుకుంటూ నా పక్కనే నడిచాడు. పెద్ద రోడ్డు వచ్చాక వేలితో చూపించి, వంగి దండం పెట్టి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు. అంటే వాడి ఇల్లు ఇటువైపు కానే కాదు.

జేఆర్ స్టేషన్ బయట ఒక టైరు నిలబెట్టి ఉంది. గనుల్లో తిరిగే లారీలకు వేసే రకం, నా ఎత్తుకు రెండింతల పైనే. బ్రిడ్జ్‌స్టోన్ కంపెనీ 1931లో పుట్టింది ఈ ఊళ్ళోనే. పెట్టినాయన ఇషిబాషి షోజిరో. ఆ ఇంటిపేరుకు రాతి వంతెన అని అర్థం, దాన్నే తిరగేసి ఇంగ్లీషు చేసుకున్నారు. వాళ్ళది మొదట్లో బట్టలు కుట్టే దుకాణం. బట్టల నుంచి తాబి అనే బొటనవేలు విడిగా ఉండే మేజోళ్ళకు, వాటికి రబ్బరు అడుగు అంటించి కూలీల చెప్పులకు, అక్కడి నుంచి టైర్లకు వెళ్ళారు. దర్జీ కొట్టు చివరికి ఎక్కడ తేలిందో చూడండి.

నాకు టైరు చూడగానే తాతే గుర్తొచ్చాడు. పోచంపల్లిలో చిటికి కట్టేది పాత సైకిల్ ట్యూబులు సన్నగా కోసిన రబ్బరు పట్టీలతోనే. ఫోటో తీసి మామయ్య ఫోన్‌కు పంపాను: తాతా, ఈ ట్యూబు దొరికితే ఎన్ని చీరలు కట్టొచ్చు? కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది. "గంత మందం పనికిరాదు బిడ్డా. సైకిల్‌దే గావాలె."

రాత్రి భోజనం తంటా. పంది ఎముకలు గంటల తరబడి మరిగించి చేసే టొంకొట్సు రామెన్ పుట్టిల్లు కురుమె. 1937లో ఇక్కడి తోపుడుబండి మీద మొదలైందట. వీధి వీధంతా అదే వాసన. మా ఇంట్లో మేక, కోడి, చేప ఉన్నాయి గానీ పంది లేదు. చలికి వణుకుతూ ఏదో కొట్టులోకి దూరాను. ఫోన్లో అనువాదం చేసి చూపిస్తే యజమాని చాలాసేపు ఆలోచించాడు. ఆ కొట్లో పంది తగలనిది ఏదీ లేదని తేలినట్టుంది. చివరికి గిన్నెడు తెల్లన్నం పెట్టి, బల్లమీదున్న డబ్బా నావైపు జరిపాడు. తకానా అంటారు, ఆవాకు ఊరగాయ, మిరపకారంతో నువ్వులు చల్లి. అన్నంలో కలుపుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కారానికే అనుకోండి. మూడుసార్లు వేసుకున్నాను. 250 యెన్‌లు, మన లెక్కలో 140 రూపాయలు. ఊరగాయకు లెక్క కట్టలేదు.

మార్చి 12, మంగళవారం. కురుమె

పొద్దున్నే గుళ్ళు వరసగా ఉండే తెరామాచి వీధికి వెళ్ళాను. తొకుఉన్‌జి గుడి వెనక సమాధుల మధ్య ఇక్కడి చిటికికి ఆద్యురాలైన ఇనౌయే డెన్ సమాధి వెతకడానికి అరగంట పట్టింది. ఊడుస్తున్న ముసలాయన్ని "డెన్ సాన్?" అని అడిగితే, పక్కింటి అమ్మాయి గురించి అడిగినట్టు తల ఊపి చూపించాడు.

డెన్ 1788లో పుట్టింది, బియ్యం కొట్టు కూతురు. పన్నెండు పదమూడేళ్ళప్పుడు వెలిసిపోయిన పాత బట్టలో అక్కడక్కడా తెల్ల మచ్చలు కనిపించాయి. అందరమూ పారేసే గుడ్డ. ఆ పిల్ల దాన్ని పోగు పోగూ విప్పి చూసింది. ఏ పోగు ఎక్కడ తెల్లబడిందో గుర్తుపెట్టుకుని, కొత్త నూలును అక్కడక్కడ కట్టి, నీలిలో ముంచి, విప్పి నేసింది. మంచు కురిసినట్టు, వడగళ్ళు పడ్డట్టు చుక్కలు వచ్చాయి. అదే కురుమె కసూరి. తర్వాత జీవితమంతా వందలమందికి నేర్పుతూ ఉండి, 1869లో పోయింది. కసూరి అన్న పేరు, అంచులు చెరిగిపోవడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందంటారు. చిటికి బట్ట చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎంత బిగించి కట్టినా కట్టు అంచున రంగు కాస్త లోపలికి పాకుతుంది. ఆ చెరుగే దాని అందం. అచ్చు గుద్దిన నకిలీలో అది రాదు, వచ్చినా ప్రతి పువ్వుకూ ఒకేలా వస్తుంది.

గోకొకు అనే గుడి ఆవరణలో డెన్ విగ్రహం ఉంది, పక్కనే తనాకా హిసాషిగే. కీలుబొమ్మలు, గడియారాలు చేసిన మేధావి, తర్వాత తోషిబా అయిన కంపెనీకి మూలపురుషుడు. పదిహేనేళ్ళ కుర్రాడప్పుడు డెన్ అతన్ని వెతుక్కుంటూ వెళ్ళి, చుక్కలు కాదు, బొమ్మలు నేయాలి, మగ్గానికి ఏదైనా ఉపాయం చెప్పమని అడిగిందట, అతను చేసిపెట్టాడట. నాకు మన ఆలేరు చింతకింది మల్లేశం గుర్తొచ్చారు. చిటికికి దారం సిద్ధం చేసే ఆసు పోయడంలో ఒక్క చీరకు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన ఆసు యంత్రం కట్టి తల్లి పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మా అమ్మమ్మ భుజం కూడా ఆ యంత్రం వచ్చాకే తెరిపిన పడింది. తాత విచిత్రం ఏమిటంటే, మిషన్ అంటేనే మండిపడతాడు గానీ, ఆ యంత్రాన్ని మిషన్ అనడు. "ఆసు" అంటాడంతే.

మధ్యాహ్నం కసూరి ప్రదర్శనశాలలో పాత పరుపు గలీబులు చూశాను. కోట బొమ్మ, కొంగలు, తాబేళ్ళు. పెళ్ళికూతురితో పంపేవట. ఒక కొంగ కాలు పక్కకి జరిగి ఉంది, నేసేటప్పుడు పేక, అంటే అడ్డదారం, తప్పింది. దాని ముందు నిలబడ్డంత సేపు ఇంక దేనిముందూ నిలబడలేదు.

రాత్రి యాకితోరి, అంటే పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం అమ్మే కొట్టు. ఊరినిండా అవే. బల్లకు అవతల పొగలో ఒకాయన పుల్లలు తిప్పుతూ ఉంటాడు, కూర్చోగానే తెల్ల పులుపు నీళ్ళు చల్లిన పచ్చి క్యాబేజీ పెడతారు. జాబితాలో దారుము అని ఉంది. పంది పేగులు. వైద్య విద్యార్థులు జర్మన్ మాటతో పెట్టిన పేరట, అలాగే నిలిచిపోయింది. అది వద్దని కోడి చర్మం, కందనకాయ తీసుకున్నాను. ఉప్పు తప్ప ఏమీ లేని కందనకాయ అంత బాగుంటుందని మొదటిసారి తెలిసింది. పక్కన కూర్చున్నావిడ నేను తినడం చూసి "యోకా, యోకా" అంది. ఇక్కడి యాసలో బాగుంది, బాగుంది అని. 1,340 యెన్‌లు.

మార్చి 13, బుధవారం. హిరోకావ

బస్సులో వెనక తలుపు నుంచి ఎక్కి, నంబరు చీటీ తీసుకుని, దిగేటప్పుడు ముందున్న బోర్డులో మన నంబరు కింద ఎంత చూపిస్తే అంత చిల్లర వేయాలి. ఈ లెక్క చూసుకుంటూ నా స్టాపు దాటేశాను. దిగిన చోట మనిషి లేడు. ఒకవైపు గుండ్రంగా కత్తిరించిన టీ వరసలు, ఇంకోవైపు ప్లాస్టిక్ గుడారాలు. గుడారంలోంచి ఒకావిడ తలపెట్టి చూసింది. ఫ్యాక్టరీ పేరున్న కాగితం చూపిస్తే నవ్వి, లోపలికి పిలిచి, ముందు రెండు స్ట్రాబెర్రీలు చేతిలో పెట్టింది. అమావో రకం. ఎర్రన, గుండ్రన, పెద్దది, రుచి అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు. తిన్నాక తన చిన్న ట్రక్కులో ఎక్కించుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపింది. డబ్బు తీయబోతే, తేలుని చూసినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఫ్యాక్టరీ అంటే నా ఊహలో సిరిసిల్ల షెడ్డు ఉంది. ఇది రేకుల కప్పున్న పెద్ద ఇల్లు. ముందు వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరకు లాగి కట్టిన తెల్ల నూలు ఎండుతోంది. యజమాని నాలుగో తరం, యాభై ఉంటాయేమో. నేనిచ్చిన ఉస్మానియా బిస్కెట్ల డబ్బా రెండు చేతులతో తీసుకుని, దేవుడి పటాల ముందు పెట్టినట్టు ఒక అర మీద పెట్టాడు.

తలుపు జరపగానే చప్పుడు. ఆ చప్పుడు ఎలా చెప్పను? పోచంపల్లిలో మగ్గం గుంటలోంచి వచ్చేది టక్, టక్, మధ్యలో మనిషి ఊపిరి. ఇక్కడ పద్దెనిమిదో ఇరవయ్యో మగ్గాలు ఒకేసారి దంచుతున్నాయి. అన్నీ సన్న మగ్గాలే, పైన తిరిగే ఇరుసు నుంచి తోలు పట్టాలు దిగుతున్నాయి. పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడె చెక్కదే, కానీ చేత్తో విసిరేవాళ్ళు లేరు, అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఇనుప చట్రం మీద టొయోడా అని పోతపోసి ఉంది. యజమాని దాన్ని తట్టి, చేతులతో స్టీరింగ్ తిప్పినట్టు చూపించి, "వాళ్ళ తాత" అన్నాడు. నిజమే. టొయోడా సాకిచి తల్లి మగ్గం నేసేది. ఆయన పోగు తెగితే దానంతటదే ఆగే మగ్గం దాకా వెళ్ళాడు. ఆ హక్కులు 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్‌కు లక్ష పౌండ్లకు ఇచ్చారు. కొడుకు కార్ల పని మొదలుపెట్టాడు, అదే టొయోటా. కార్ల విడిభాగాలు ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతాయి. ఈ మగ్గాలకు మాత్రం దొరకవు. చుట్టుపక్కల ఎవరైనా ఫ్యాక్టరీ మూసేస్తే ఆ మగ్గాలు తెచ్చి వెనక కొట్టంలో పెట్టుకుంటారు, ఒకదాని పళ్ళచక్రం ఇంకోదానికి. ఆ కొట్టం కూడా చూపించాడు. కోళ్ళగంపలా ఒకదానిమీద ఒకటి పేర్చిన నాడెలు.

ఇక్కడే నాకు అక్షింతలు పడ్డాయి. ఫోటోల కోసం పోచంపల్లి చున్నీ వేసుకుని వెళ్ళాను. వీడియో తీస్తూ పట్టా వైపు ఒక అడుగు వేశానో లేదో, వెనకనుంచి ఎవరో నన్ను నడుం పట్టి లాగారు. డెబ్భై పైబడిన ఆవిడ, తలకు గుడ్డ, నడుముకు ఏప్రన్. ఏదో గట్టిగా అంటోంది, చప్పుడులో వినపడలేదు, వినపడినా అర్థం కాదు. కానీ ఏ భాషలోనైనా అమ్మమ్మ తిట్టు అమ్మమ్మ తిట్టే. చున్నీ లాగేసి, నా వెనక్కి తిప్పి రెండు చుట్లు చుట్టి ముడేసింది. వేయడం అయ్యాక ఆ ముడి పక్కనున్న పువ్వును వేళ్ళ మధ్య నలిపి చూసింది. తిప్పి, వెనకవైపు చూసింది. రెండు వైపులా ఒకటే రంగు. తల ఎత్తి నా ముఖం వంక అప్పుడు చూసింది.

ఆ తర్వాత ఆవిడ నన్ను వదల్లేదు.

నాలుగు మగ్గాలు ఆవిడొక్కతే చూస్తుంది. ఊరికే నిలబడి చూడటం అనుకున్నాను మొదట. పది నిమిషాలు గమనిస్తే తెలిసింది. పేక దారం కండెకు బదులు టోంగు అనే చదునైన చిన్న పట్టీకి చుట్టి ఉంటుంది. ప్రతి మడతలోనూ కట్టిన గుర్తు సరిగ్గా అదే చోట పడాలి. నాలుగు వేళ్ళ బట్ట నేసేసరికి బొమ్మ వెంట్రుకవాసి పక్కకు పోతుంది. ఆవిడ పిడి లాగి మగ్గం ఆపుతుంది, అంచు దగ్గర పేకను గోటితో కాస్త ఇటు లాగుతుంది, పడుగు పోగును, అంటే నిలువు దారాన్ని, సూదితో సర్దుతుంది, మళ్ళీ వదులుతుంది. ఇంతలో మూడో మగ్గం. అంటే మిషన్ చేసేది నాడె విసరడం, దంచడం. చిటికి కలపడం మాత్రం ఆ గోటి పనే. తాతకు చూపించాల్సింది ఇదేనని నాలుగు నిమిషాల వీడియో తీశాను.

కట్టడానికి మాత్రం నిజంగానే యంత్రం ఉంది. సాగదీసిన దారపు కట్ట మధ్యలోంచి జరుగుతుంటే, చుట్టూ గిరగిరా తిరిగే చక్రం నూలుతాడుతో లెక్క ప్రకారం చుట్టి బిగిస్తుంది, ఆగుతుంది, జరుగుతుంది, మళ్ళీ చుడుతుంది. నేను మౌనంగా చూశాను. తాత పది రోజులు కూర్చుని కట్టే పని అది.

మూడు గంటలకు మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. టీ వేళ. నిశ్శబ్దానికి చెవులు గుయ్యిమన్నాయి. ఉస్మానియా బిస్కెట్లు మనిషికొకటి పంచి, ఆరోజు రానివాళ్ళిద్దరి పేర కాగితంలో చుట్టి రెండు పక్కన పెట్టారు. నేను బ్యాగులోంచి తాత ఇచ్చిన పొట్లం తీశాను. సగం విప్పి సగం విప్పని పేక కట్ట, ఎర్రరంగులో ముంచింది, రబ్బరు పట్టీలు అలాగే ఉన్నాయి. పెద్దావిడ పట్టీని సాగదీసి వదిలింది. టప్‌మంది. "గోము!" అని పెద్దగా నవ్వింది. రబ్బరు. అందరూ గుంపు కట్టారు. ప్రపంచానికి టైర్లు అమ్మే ఊరి పక్కన చేత్తో కట్టేవాళ్ళు ఇప్పటికీ జనపజాతి మొక్క నారతో కడతారు, దాన్ని అరాసో అంటారు. రబ్బరుతో కట్టొచ్చని వాళ్ళకెవరికీ తట్టలేదు. లేదా తట్టినా నచ్చలేదేమో.

వచ్చేటప్పుడు యజమాని "రేపు పనేమైనా ఉందా?" అని ఫోన్లో టైప్ చేసి చూపించాడు.

మార్చి 14, గురువారం. మళ్ళీ హిరోకావ

పక్క ఊళ్ళోని నీలి కార్ఖానాకు తీసుకెళ్ళాడు. ఇక్కడ మోటారు లేదు. చేత్తో కట్టి, సహజ నీలిలో ముంచి, చేత్తో నాడె విసిరి నేస్తారు. 1957లో ప్రభుత్వం ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా గుర్తించింది ఈ పద్ధతినే. నిన్న చూసిన పవర్‌లూమ్ బట్టా కురుమె కసూరే, దీనికీ దానికీ చీటీ వేరు, ధర వేరు. ఒకరినొకరు దొంగలనుకోవడం నాకు కనిపించలేదు. నన్ను తీసుకొచ్చిన పవర్‌లూమ్ యజమాని నీలి కార్ఖానా ఆయనకు దండం పెట్టి, ఆయన ఇచ్చిన టీ తాగాడు, ఇద్దరూ ధరల గురించి నవ్వుకున్నారు. మన దగ్గర 1985 చట్టం కొన్ని రకాలు చేమగ్గానికే కేటాయించింది. అయినా మిషన్ బట్టకు చేనేత పేరు పెట్టి అమ్మేవాళ్ళకు కొదవ లేదు. అందుకే తాతకు పవర్‌లూమ్ అంటే బూతు మాట. చీటీ మీద నిజం రాస్తే సరిపోయే గొడవ కాదిది, మన మార్కెట్‌లో ఆ చీటీ ఎవరు చదువుతారు? కానీ ఆ టీ తాగుతున్న ఇద్దరినీ చూస్తే కొంచెం కుళ్ళు వేసింది.

నేలలో పాతిన కుండలు, మూతలు తీస్తే నురగ, ఘాటు వాసన. పులియబెట్టిన నీలి ఆకుకు సున్నం, తవుడు, కాస్త సారా పోసి పెంచుతారు. కార్ఖానా ఆయన వేలు ముంచి నాలుకకు రాసుకుని, ఇవాళ ఈ కుండకు ఒంట్లో బాగాలేదన్నట్టు పెదవి విరిచి మూత పెట్టేశాడు. పక్క కుండలో నన్ను ముంచనిచ్చాడు. ముంచి పిండిన నూలు కట్టను నేలకేసి కొట్టాలి. ఒకసారి కాదు, ముంచిన ప్రతిసారీ, దబ్ దబ్ అని. దారం ఉబ్బి లోపలికి గాలి తగిలితేనే కట్టు మొదటి దాకా నీలం ఎక్కుతుంది. ఆకుపచ్చగా బయటికొచ్చిన నూలు కొడుతుండగానే నీలమవుతుంది. ఇలా ఇరవై ముప్పైసార్లు ముంచుతారు. నేను నాలుగుసార్లకే చేతులెత్తేశాను. గోళ్ళ కథ ఇదీ.

మార్చి 15, శుక్రవారం. హైనుజుకా, యామె

హైనుజుకా స్టేషన్ బయట రెక్కల కుక్క బొమ్మ ఉంది. నాలుగు వందల ఏళ్ళకు ముందు జపాన్‌ను ఏలిన సేనాని హిదెయోషి సేనలతో వచ్చినప్పటి కథ. అది ఆయన ముద్దుల కుక్క అని కొందరు, ఆయన దారికి అడ్డుపడ్డ కుక్క అని కొందరు. రెండు కథల్లోనూ చచ్చిపోతుంది, సమాధి కడతారు.

యామెలో తెల్లగోడల పాత వీధిలో ఒక దుకాణం నిండా మొంపెలే. పొలం పనికి ఆడవాళ్ళు వేసుకునే వదులు పాజామా, కసూరి బట్టతో. ఇప్పుడు కుర్రకారు జీన్సులా వేసుకుంటున్నారు. ఒకటి 14,000 యెన్‌లు చూసి వెనక్కి పెట్టేశాను, దాదాపు ఎనిమిది వేల రూపాయలు. కానీ తిరగేసి కుట్టు చూశాను, దానికి డబ్బు అడగరు కదా. మేం కాలేజీలో నేర్చిన కత్తిరింపంతా 44 అంగుళాల పన్నా మీద. ఈ బట్ట వెడల్పు మూరెడు కూడా లేదు, 38 సెంటీమీటర్లు. అందుకే అన్నీ నిలువు ముక్కలు, వంపులు దాదాపు లేవు, అంచును అంచుకే కలిపి కుట్టడం, చెత్తబుట్టలోకి పోయేది ఏమీ లేదు. మన పాత కలీ కుర్తా కూడా ఇంతే కదా, సన్నబట్ట రోజుల్లో పుట్టిందే. దుకాణం మెట్ల మీద కూర్చుని నోట్సులో మూడు పేజీలు గీశాను. లోపలున్న అమ్మాయి వచ్చి కప్పు టీ పెట్టి వెళ్ళింది, ఏమీ కొనమనలేదు. సిగ్గేసి బట్ట ఒక మీటరు కొన్నాను, 2,600 యెన్‌లు.

టీ అన్నాను గానీ అది గ్యొకురో. నీడలో పెంచిన ఆకు, గోరువెచ్చని నీళ్ళు, గుక్కెడంటే గుక్కెడే. రుచి టీలా ఉండదు, పెసరకట్టులా ఉంటుంది. మూడుసార్లు నీళ్ళు పోసి తాగాక, మిగిలిన ఆకు మీద పులుపు చుక్కలు వేసి తినమన్నారు. తిన్నాను. ఆకుకూరే, తాలింపు ఒకటే తక్కువ.

మార్చి 18, సోమవారం. పోచంపల్లి

తాత వీడియో మూడుసార్లు చూశాడు. కట్టే యంత్రం దగ్గర ఏమీ అనలేదు, గడ్డం గోక్కున్నాడు. పెద్దావిడ మగ్గం ఆపి గోటితో పేక లాగిన చోట ఆపమన్నాడు. వెనక్కి తిప్పించి మళ్ళీ చూశాడు.

"చెయ్యి వెట్టింది గద. చెయ్యి వెట్టినంక ఇంగ అది మిషినెట్లయితది?"

గెలిచానో ఓడానో అర్థం కాలేదు. ఇంతలో ఇంకో ప్రశ్న వేశాడు.

"ఆమెకు కూలెంత?"

అడగలేదు. అక్క వద్దంది, మర్యాద కాదంది. నాలుగు మగ్గాల ధర, మొంపె ధర, కందనకాయ ధర కూడా నోట్సులో ఉన్నాయి. ఆవిడ కూలి లేదు. తాత నావంక చూసిన చూపుకు అమ్మమ్మే అడ్డం వచ్చి, "పోనియ్యి, చిన్నపిల్ల" అంది. ఆ రాత్రే యజమానికి మెయిల్ రాశాను, ఎలా అడగాలో తెలియక నాలుగుసార్లు చెరిపి. ఇంకా జవాబు రాలేదు.

మీటరు బట్ట తాత ఒళ్ళో పెట్టాను. రెండు వైపులా తిప్పాడు, వెలుతురుకు పట్టాడు, పన్నెండో చోట బొమ్మ జరిగిందని వేలితో చూపించాడు. తర్వాత గూట్లోంచి సూది తీసి, కోసిన అంచు దగ్గర పేక పోగు ఒకటి పైకి లేపి లాగాడు. ఇంకోటి. అమ్మ వంటింట్లోంచి చూసి, "అయ్యో నాయినా, పదిహేను వందల బట్ట అది" అని అరిచింది.

ఎనిమిది పోగులు అప్పటికే తొడమీద వరసగా పరిచి ఉన్నాయి, తెల్ల మచ్చకు తెల్ల మచ్చ ఆనించి.

"లైటెయ్యి బిడ్డా" అన్నాడు.